రోజూ ఆఫీసుకూ, వారాంతం డ్రిఫ్టింగ్‌కూ (వెనక చక్రాలను కావాలనే జారనిస్తూ మలుపులు తిరగడం) ఒకే పాత స్పోర్ట్స్ కారు కావాలి. నిస్సాన్ 240ఎస్ఎక్స్, నిస్సాన్ 350జెడ్, మజ్దా మియాటా, బీఎండబ్ల్యూ ఈ46లో ఏది తీసుకోవాలి?

మీరు ఎడిసన్‌లో ఉంటారు, బడ్జెట్ 12 వేల డాలర్లు, వేరే కారు లేదు, ఇంగ్లిష్‌టౌన్ రేస్‌వే పార్కులో డ్రిఫ్ట్ నేర్చుకోవాలని ఉంది అన్నారు. నేనూ న్యూజెర్సీలోనే ఉంటూ ఇదే పని చేస్తున్నాను కాబట్టి సూటిగా చెబుతాను. మీ లిస్టులో లేని కారు కొనండి: ఇన్ఫినిటీ జీ35 కూపే, ఆరు గేర్ల మాన్యువల్. 2003 నుంచి 2007 మోడళ్ల వరకు వచ్చింది. మెకానికల్‌గా చాలావరకు 350జెడ్ సామానే. అదే ప్లాట్‌ఫాం, అదే 3.5 లీటర్ల వీ6. డ్రిఫ్ట్ చేసేవాళ్ల కళ్లన్నీ జెడ్ మీదే ఉంటాయి కాబట్టి జీ35 కాస్త తక్కువకు దొరుకుతుంది, అంతగా నలిగి కూడా ఉండదు.

వెనక సీటు ఉండటం ఎంత పెద్ద సౌకర్యమో మొదటి డ్రిఫ్ట్ డే నాడే తెలుస్తుంది. ట్రాక్‌కు వెళ్లేటప్పుడు వెనక చక్రాలకు కనీసం ఒక స్పేర్ జత, జాక్, టూల్స్, హెల్మెట్ మోసుకెళ్లాలి. సాయంత్రం అదే కారులో ఇంటికి రావాలి. 350జెడ్‌లో సీట్ల వెనక సామాన్ల జాగాకు అడ్డంగా ఒక బార్ ఉంటుంది, రెండు సీట్లే కాబట్టి చక్రాలు పెట్టడానికి నానా తంటాలు పడాలి. నా జీ35లో రెండు చక్రాలు వెనక సీటు మీద దుప్పటి పరిచి పెట్టేస్తాను.

ఏ సంవత్సరం మోడల్ అన్నది జాగ్రత్తగా చూడాలి. 2003, 2004 కార్లలో ఇంజిన్ గట్టిది, కానీ గేర్‌బాక్స్‌లో సింక్రోలు (గేర్లు సాఫీగా పడేలా చేసే రింగులు) బలహీనం. మూడో గేరు వేసేటప్పుడు గరగరమంటే ఆ బండి వదిలేయండి. 2005 తర్వాతి మాన్యువల్ బండ్లలో గేర్‌బాక్స్ మెరుగైంది. సీడీ009 అనే ఆ గేర్‌బాక్స్‌ను డ్రిఫ్టర్లు వేరే ఇంజిన్లకు కూడా తగిలించుకుంటారు. అయితే ఆ ఏళ్ల మాన్యువల్ బండ్లలో వచ్చిన, రెవ్-అప్ అని పిలిచే ఇంజిన్ ఆయిల్ తాగుతుంది. నాది 2004. మీరు ఏది కొన్నా పెట్రోలు పోయించిన ప్రతిసారీ డిప్‌స్టిక్ చూసే అలవాటు చేసుకోండి. జెడ్డే కావాలనుకుంటే బేస్ ట్రిమ్ (అన్నిటికన్నా చవక రకం) వద్దు, దానికి లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఎల్ఎస్‌డీ, వెనక చక్రాలు రెండిటికీ బలం అందేలా చూసే భాగం) రాదు. అది లేకపోతే ఒక్క చక్రమే తిరిగి పొగ వస్తుంది, బండి మాత్రం జారదు.

కంపెనీ ఇచ్చే, చిక్కటి ద్రవంతో పనిచేసే విస్కస్ ఎల్ఎస్‌డీ వయసు పెరిగే కొద్దీ పట్టు కోల్పోతుంది, అయినా నేర్చుకోవడానికి సరిపోతుంది. తర్వాత డబ్బు ఉన్నప్పుడు క్లచ్ టైప్ టూ-వే ఎల్ఎస్‌డీ (యాక్సిలరేటర్ నొక్కినా వదిలినా పట్టేది) వేయించండి. తక్కువ ఖర్చని డిఫరెన్షియల్ వెల్డ్ చేయించమని (రెండు వెనక చక్రాలూ ఎప్పుడూ కలిసే తిరిగేలా) చాలామంది సలహా ఇస్తారు. ట్రాక్‌కు మాత్రమే వాడే బండికి అది బాగుంటుంది. రోజూ పార్కింగ్‌లో తిప్పే బండికి, వాన పడిన రూట్ 1 మీద నడిపే బండికి మాత్రం దయచేసి వద్దు. కొనేముందు ఖాళీ జాగాలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా పోనివ్వండి. వెనక చక్రం కుప్పిగంతులు వేస్తూ కీచుమంటే ఎవరో ఇప్పటికే వెల్డ్ చేసి ఉండవచ్చు.

మిగతావాటి సంగతి. 240ఎస్ఎక్స్ అంటే నాకు ప్రాణం, కానీ అమెరికాలో చివరిది 1998 మోడల్. చెడగొట్టని బండి ఇప్పుడు మీ బడ్జెట్‌లో దొరకడం కష్టం, దొరికేవి చాలావరకు ఇద్దరు ముగ్గురి ప్రయోగాలు చూసినవి. మియాటా నడపడానికి ఎంతో హాయి, చిల్లర ఖర్చుతో నడుస్తుంది. కానీ వీల్‌బేస్ చిన్నది కావడంతో జారడం మొదలైతే సర్దుకునేలోపే తిరిగిపోతుంది, పైగా బండి బోల్తాపడితే తలను కాపాడే రోల్ బార్ పెట్టించాలి. ఈ46లో కూలింగ్ సిస్టం ప్లాస్టిక్ ముక్కలన్నీ ముందే మార్చుకోవాలి. వెనక సబ్‌ఫ్రేమ్ (వెనక సస్పెన్షన్‌ను మోసే ఫ్రేమ్) బిగించే చోట ఫ్లోర్ చిరగడం ఆ బండికి తెలిసిన జబ్బు. డ్రిఫ్టింగ్ సరిగ్గా అక్కడే బలం పెడుతుంది. బడ్జెట్ కొంచెం సాగితే 2013 సయాన్ ఎఫ్ఆర్-ఎస్ చూడండి. గేర్లతో పనిచేసే టోర్సెన్ ఎల్ఎస్‌డీ అన్నిటికీ వస్తుంది, వెనక సీటు మడిస్తే నాలుగు టైర్లు పడతాయి. 2018లో వాల్వ్ స్ప్రింగుల రీకాల్ వచ్చింది, అందులో ఇంజిన్ విప్పాలి. కాబట్టి ఆ పని ఎక్కడ చేయించారో కాగితాలు అడగండి.

12 వేలూ బండికే పెట్టకండి. ఎనిమిది, తొమ్మిది వేల దగ్గర ఆగి, మిగతాది ముందు చక్రాల సస్పెన్షన్‌లోని కంప్రెషన్ రాడ్ బుషింగులకు (రబ్బరు భాగాలు), క్లచ్‌కు, ఫ్లూయిడ్స్‌కు, రెండో సెట్ రిమ్ములకు ఉంచండి. పవర్ స్టీరింగ్‌కు చిన్న కూలర్ పెట్టించండి. డ్రిఫ్ట్‌లో స్టీరింగ్ అటూ ఇటూ కొట్టడంతో ఆయిల్ మరిగి పొంగుతుంది. ట్రాక్ మీద ట్యాంకు సగానికి తగ్గనివ్వకండి, పొడవాటి మలుపులో ఇంజిన్‌కు పెట్రోలు అందదు. యాంగిల్ కిట్ (ముందు చక్రాలు ఇంకా ఎక్కువ తిరిగేలా చేసే సామాను), హైడ్రాలిక్ హ్యాండ్‌బ్రేక్ ఇప్పుడే వద్దు. క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేసిన బండి జోలికి అసలు పోవద్దు, న్యూజెర్సీ ఇన్‌స్పెక్షన్‌లో చెక్ ఇంజిన్ లైట్ వెలిగితే ఫెయిలే.

రోడ్డు మీద, ఖాళీ పార్కింగ్ లాట్లలో ప్రాక్టీస్ చేయవద్దు. పోలీసు కేసు, లైసెన్సు సంగతి అటుంచి, ఎదురుగా వచ్చే మనిషికి మీరు నేర్చుకుంటున్నారని తెలియదు. మామూలు ఇన్సూరెన్స్ ట్రాక్ మీద జరిగినదానికి సాధారణంగా వర్తించదు, పాలసీ చదవండి. ట్రాక్‌లో పగిలిన బంపర్ ఖర్చు మీదే.

ఇక మంచు గురించి అడిగారు. నవంబరు చివర్లో వింటర్ టైర్లు నాలుగూ వేసేస్తే జీ35 మామూలు మంచులో బాగానే వెళ్తుంది, గట్టిగా కురిసిన రోజు ఇంటి నుంచి పని చేయడం మేలు. కొనేముందు బండిని తప్పకుండా లిఫ్ట్ ఎక్కించి కింద తుప్పు చూడండి. ఇక్కడ రోడ్ల మీద చల్లే ఉప్పు ఈ వయసు బండ్లను కింది నుంచే తింటుంది. అమ్మేవాళ్లు లిఫ్ట్‌కు ఒప్పుకోకపోతే ధర ఎంత తక్కువైనా బేరం అక్కడితో ఆపేయండి.