రాసిన మాటే మళ్లీ మళ్లీ రాస్తుంటే

ప్రశ్న: నా వయసు 38. మేము హన్మకొండలో ఉంటాం. మా నాన్నగారు పోయి ఏడు నెలలయింది. బాబు పదో తరగతి పరీక్షల వల్ల ఆయన చివరి వారంలో వెళ్లలేకపోయాను. ఇంట్లో అందరి ముందూ ఏడవలేక, స్నేహితురాలి సలహాతో రోజూ పడుకోబోయే ముందు నోటుపుస్తకంలో రాస్తున్నాను. రాసిన కొద్దీ దిగులు పెరుగుతోంది. పైగా మావారు అది చదివి, తన గురించి రాసిన మాటలకు నొచ్చుకుని ముభావంగా ఉంటున్నారు. రాయడం మానేయమంటారా? మచ్చుకు రెండు పేజీలు జతపరుస్తున్నాను.

జవాబు: మానవలసిన పని లేదు గాని, రాసే తీరు మార్చుకోవాలి. మీరు పంపిన రెండు పేజీల్లో ‘నేను వెళ్లి ఉండాల్సింది’ అన్న వాక్యం తొమ్మిదిసార్లు ఉంది. మనసులో గిర్రున తిరిగే మాటను అలాగే కాగితం మీదికి దించితే అది అక్కడా తిరుగుతూనే ఉంటుంది.

1986లో జేమ్స్ పెన్నెబేకర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త, శాండ్రా బీల్‌తో కలిసి ప్రచురించిన ప్రయోగంలో, విద్యార్థుల చేత తమను బాగా కలచివేసిన సంఘటన గురించి వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాల చొప్పున రాయించారు. జరిగినదాన్నీ, దానివల్ల తమకు కలిగిన బాధనూ కలిపి రాసినవారికి రాసిన వెంటనే దిగులు పెరిగినా, తరువాతి నెలల్లో వారు వైద్యుడి దగ్గరికి వెళ్లడం తగ్గింది. నాలుగు రోజులే రాయించారని గమనించండి. మీరు నెలల తరబడి రాస్తున్నారు. రోజులు గడిచేకొద్దీ ‘ఎందుకంటే’, ‘ఇప్పుడు అర్థమవుతోంది’ వంటి మాటలు ఎవరి రాతలో పెరిగాయో వారికే ఎక్కువ మేలు జరిగినట్టు ఆయన తరువాతి పరిశీలనల్లో తేలింది. అయితే ఆత్మీయులు పోయిన దుఃఖాన్ని రాత త్వరగా తగ్గిస్తుందనడానికి గట్టి ఆధారాలు లేవు కాబట్టి, దాని నుంచి అంత ఆశించకండి. మీలో దుఃఖంతో పాటు అపరాధభావం కూడా ఉంది. రాత అక్కరకు వచ్చేది ఆ రెండోదానికే అని నా అభిప్రాయం.

రెండో పేజీ చివర, నాన్నగారు ఫోనులో ‘పిల్లాడి పరీక్షలు కానివ్వమ్మా, తరువాత వద్దువుగాని’ అన్నారని ఒక్క ముక్క రాసి వదిలేశారు. ఆ మాట దగ్గరే మళ్లీ మొదలుపెట్టండి. ఆ రోజు మీకు ఆయన పరిస్థితి ఎంతవరకు తెలుసు, డాక్టరుగారు ఏమన్నారు, ఆ క్షణంలో మీరు ఏ లెక్కతో ఆగిపోయారు అన్నది వివరంగా రాయండి, ఎందుకంటే ఈరోజు తెలిసినదాన్ని పట్టుకుని ఆనాటి మిమ్మల్ని మీరు దోషిగా నిలబెడుతున్నారు. రాత్రిపూట కాక, ఇల్లు సద్దుమణిగిన మధ్యాహ్నం, గడియారం చూసుకుని పావుగంట, నాలుగు రోజులు చాలు. అక్షరదోషాలు, వాక్యనిర్మాణం పట్టించుకోకండి. ఏదైనా విషయం రాయబోతే మరీ తట్టుకోలేనంతగా అనిపిస్తే దాన్ని వదిలి వేరే విషయం రాయండి. నిద్రకు ముందు ఏదో ఒకటి రాయడం అలవాటైపోయి ఉంటే, మర్నాటి పనుల జాబితా రాసుకోండి.

ఆ తరువాత కూడా నిద్ర, ఆకలి కుదుటపడకపోయినా, బతకాలనిపించని ఆలోచనలు ఏ క్షణంలో వచ్చినా, రాతతో సరిపెట్టుకోకుండా మానసిక వైద్యుణ్ని కలవండి. 14416 నంబరులో ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ వారు ఉచితంగా, తెలుగులోనూ మాట్లాడతారు.

ఇక మీవారి సంగతి. అడగకుండా చదవడం ఆయన పొరపాటే. కాని ‘ఆయన ఒక్కసారైనా వెళ్లిరా అనలేదు’ అన్న మీ ఫిర్యాదు ఆయనకు పుస్తకంలో కాక మీ నోటి నుంచి వినబడి ఉండవలసింది. అత్తగారు లేని సమయం చూసి, ఆ ఒక్క మాటా నెమ్మదిగా చెప్పి, ఆయన జవాబు పూర్తయ్యేదాకా వినండి. కొత్తగా రాసే కాగితాలు మాత్రం ఎవరికీ చూపనక్కర్లేదు, చించివేసినా ఫరవాలేదు. దాచుకోదలిస్తే బీరువాలో పెట్టి తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి, అలా ఉంచుకుంటున్నానని ఆయనకు చెప్పి మరీ ఉంచుకోండి.