బూస్ట్ నొక్కే ముందు ఒక్క మాట

అమ్మాయ్, మీ ఆయన ఉద్యోగ వీసాకు తోడుగా ఇచ్చే హెచ్4 వీసా మీద న్యూజెర్సీలోని ఎడిసన్ వచ్చి ఆరు నెలలైందనీ, వంటల బ్లాగు మొదలుపెట్టాననీ, ఫేస్‌బుక్‌లో డబ్బులు కడితే జనం వస్తారా అనీ అడిగావు. డబ్బులైతే పోతాయి, అది ఖాయం.

నేను ఇదే వీసా మీద 2010లో ఈ ఊళ్లోనే దిగాను. కొన్నేళ్లకు గోంగూర పచ్చడి గురించి ఒక పోస్టు రాశాను. ఫేస్‌బుక్ పేజీలో 'బూస్ట్' అని, డబ్బు కడితే పోస్టును ఎక్కువమందికి చూపించే బటన్ కనిపిస్తే నొక్కేశాను. రోజుకు 5 డాలర్లే కదా, పోనీలే అనుకున్నా. ఎప్పటితో ఆపాలో తేదీ పెట్టాలని నాకెవరు చెప్పారు? మూడు వారాలయ్యాక మా ఆయన కార్డు బిల్లు పట్టుకుని, "ఈ 105 డాలర్లు దేనికే?" అన్నారు. అప్పట్లో ఆ డబ్బుతో ఓక్ ట్రీ రోడ్డులో మా ఇద్దరికీ పదిరోజుల సరుకులు వచ్చేవి. పోనీ ఫలితమా అంటే, తొమ్మిది వందల లైకులు. పేర్లు చదివితే ఒక్కటీ మనవాళ్లది కాదు. భాష, ప్రాంతం ఎంచుకోకుండా వదిలేశాను మరి. బ్లాగు తెరిచింది పదకొండుసార్లు, అందులో నాలుగుసార్లు నేనే. ఆ రాత్రి గోంగూర వండలేదు, చారుతో సరిపెట్టాను.

పైసా ఖర్చు లేకుండా చేసిన తప్పు ఇంకోటుంది. లింకులో కూడా తెలుగు అక్షరాలే ఉండాలని పట్టుబట్టాను. వాట్సాప్‌లో పెడితే ఒక్కో తెలుగు గుర్తూ తొమ్మిది ఇంగ్లీషు గుర్తులుగా విడిపోయి, గోంగూర పచ్చడి కాస్తా వందకు పైగా ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ '%' గుర్తులూ అయి కూర్చుంది. మా బాబాయి ఫోన్ చేసి, "నీ ఫోనుకు వైరస్ పట్టిందమ్మా, ఎవరూ నొక్కొద్దని గ్రూపులో పెట్టాను" అన్నాడు. లింకు పేరు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో పొట్టిగా పెట్టుకో, లోపల ఎంత తెలుగైనా రాసుకో.

పోస్టు ఇక్కడ రాత్రి భోజనాలయ్యాక పెడితే అక్కడ ఇండియాలో కాఫీ టైముకు చూస్తారు. ఎండాకాలం మన రాత్రి 10:30 అంటే వాళ్లకు ఉదయం 8. నవంబరులో గడియారం మారాక 9:30కే పెట్టేయ్. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటో కింద లింకు రాస్తే నొక్కడానికి రాదు, ప్రొఫైల్లో నీ పరిచయం రాసుకునే బయోలో పెట్టాలి. నేను ఏడాదిపాటు ఫొటో కిందే రాశాను!

బ్లాగులో ప్రకటనలు వేసి డబ్బులిచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ మీద ఆశ పెట్టుకున్నావేమో, అది 100 డాలర్లు నిండితే గానీ చేతికివ్వదు. నాకు నిండేసరికి మా పెద్దాడు బడిలో చేరాడు. పైగా పని చేసుకునే అనుమతి లేకుండా హెచ్4 మీద ఆ డబ్బు తీసుకోవచ్చా అన్నది లాయరును అడిగి తెలుసుకో, ముందు తీసుకుని తర్వాత అడగొద్దు. మనూళ్ల వంటల గ్రూపుల్లో ఊరికే లింకు పడేస్తే తీసేస్తారు. పదిమంది వంటల కింద రెండు మాటలు రాసి, పులుపు ఎక్కువైతే ఏం చేయాలో చెప్పి, ఆ తర్వాత నీది పెట్టు. నాకు నిలబడి చదివేవాళ్లు దొరికింది అక్కడే, అదీ ఉచితంగా.

ఇంతకీ మీ ఆయన కార్డు నంబరు ఫేస్‌బుక్‌లో సేవ్ చేశావా? చేస్తే ఇవాళే తీసేయ్.