కర్నూలులో బురుజు తప్ప ఏముంది అంటే...

కర్నూలుకు బదిలీ అయింది, సినిమాల్లో కనిపించే కొండారెడ్డి బురుజు తప్ప అక్కడ ఏముంది, అసలు ఊరు ఎలాంటిది అని అడిగారు. నేను పుట్టి పెరిగింది అక్కడి పాతబస్తీలో. పక్షపాతం ఉంటుంది, ముందే చెప్తున్నా.

బురుజు చూడండి, వద్దనను. విజయనగర రాజుల నాటి కోటలో మిగిలిన ముక్క అది. హంద్రీ ఒడ్డున ఒకప్పుడు కర్నూలును పాలించిన అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధి ఉంది, దాని గుమ్మటాలు నా లెక్కన బురుజు కంటే అందం. ఆఖరి నవాబు గులాం రసూల్ ఖాన్ ఆయుధాలు పోగేశాడని 1839లో ఇంగ్లీషువాళ్లు పట్టుకుని తిరుచిరాపల్లికి పంపారు, అక్కడే హత్యకు గురయ్యాడు. ఇవన్నీ గైడు పుస్తకాల్లో దొరుకుతాయి. కర్నూలు అర్థం కావాలంటే మాత్రం నీళ్ల సంగతి తెలియాలి.

ఒక పక్క తుంగభద్ర, ఇంకో పక్క హంద్రీ, నడుమ కేసీ కెనాల్, అంటే కర్నూలు-కడప కాలువ. ఇన్ని నీళ్లు పెట్టుకుని ఎండాకాలంలో ట్యాంకర్ కోసం బిందెలు వరసలో పెట్టే ఊరు ఇంకోటి ఉంటే చూపించండి. ఆ కెనాల్ కూడా మా మీద ప్రేమతో తవ్వింది కాదు. సాగునీళ్లు అమ్ముకోవచ్చు, పడవలూ నడపొచ్చు అని 1860లలో ఒక ప్రైవేటు కంపెనీ మొదలుపెట్టింది. గిట్టుబాటు కాలేదు. 1882లో ప్రభుత్వం కొనేసింది. ఇప్పుడు ఊళ్లో దానికి ఉన్న గౌరవమంతా వినాయక నిమజ్జనం రోజే, మిగతా ఏడాదంతా చెత్త పడేయడానికి.

ఇక 2009 అక్టోబర్ వరద. ఎగువన కుంభవృష్టి. తుంగభద్ర మీది సుంకేసుల ఆనకట్ట పైనుంచి నీళ్లు పొర్లాయి, హంద్రీ కూడా అప్పుడే పొంగింది, దిగువన శ్రీశైలం నిండిపోయి వెనక్కి తన్నింది. ఆ డ్యాం పూర్తి మట్టం 885 అడుగులైతే నీళ్లు 11 అడుగులకు పైగా పైకి లేచాయి. ముందు నుంచే కిందికి వదులుతూ వచ్చుంటే మా వీధి మునిగేది కాదు. ఇంజనీర్లు వంద లెక్కలు చెప్పనీయండి, నా మాట ఇదే.

మా ఇంట్లోకి నీళ్లు గడప దాటి రాలేదు, బచ్చలింటి (స్నానాల గది) తూములోంచి వచ్చాయి. రాత్రి మా అవ్వ మంచం దిగి కాలు కింద పెడితే తడి తగిలింది. "ఎవుర్రా నీళ్లు ఇడిసిపెట్టింది" అని కేకేసింది. నాయన టార్చి వేసి చూస్తే తూములోంచి నల్లటి నీళ్లు బొద్దింకలతో సహా ఎగదన్నుతున్నాయి. బియ్యం మూట మంచం మీదికి ఎత్తాం. కాసేపటికి మంచమే మునిగేలా ఉంటే మూట అటక మీదికి. ఖాళీ సిలిండర్ తేలుతూ వంటింటి తలుపుకు కొట్టుకుంటోంది. పక్కింటి చాచా వాళ్లది మా కంటే ఒక అంతస్తు ఎక్కువ. ఆయన పైనుంచి మా మిద్దె మీదికి నిచ్చెన దించి "అవ్వను ముందు పంపీండి" అని అరుస్తుంటే, ఈమె ట్రంకుపెట్టె లేకుండా కదలనంది. దాన్లో పాసుపుస్తకం, రెండు పట్టుచీరలు. చివరికి పెట్టె ముందు ఎక్కింది, వెనక అవ్వ. తెల్లారాక చూస్తే కరెంటు స్తంభాల పైభాగాన్ని బట్టి వీధి ఎటు ఉందో పోల్చుకోవాల్సి వచ్చింది. హెలికాప్టర్ వేసిన పులిహోర పొట్లాల్లో సగం నీళ్లపాలు.

నీళ్లు దిగాక మోకాలి లోతు బురద. బజారులో బట్టల షాపులవాళ్లు తడిసిన చీరలు కుప్పలు పోసి అగ్గువకు అమ్మారు, మా అమ్మ కూడా కొనింది, ఎన్నిసార్లు ఉతికినా అంచుకు ఆ మట్టిరంగు పోలేదు. నష్టం రాసుకోవడానికి వచ్చినాయన గోడ మీద నీటి గీత వైపు తలెత్తి చూడలేదు. గడప బయటే నిలబడి పేరు రాసుకుని వెళ్లిపోయాడు.

విచిత్రమేమిటంటే 1953లో ఆంధ్ర రాష్ట్రం పుట్టింది కూడా అక్టోబర్‌లోనే, మొదటి తారీఖున, రాజధాని మేమే. రాజధాని గానీ హైకోర్టు గానీ సీమకు అని 1937లో కోస్తా, సీమ నాయకులు శ్రీబాగ్ ఒప్పందంలో రాసుకున్నారు కదా, ఆ లెక్కన వచ్చింది. నెహ్రూ వచ్చారు, ప్రకాశం పంతులు గారు ముఖ్యమంత్రి, ఆఫీసులు గుడారాల్లో. 1956 నవంబర్ 1 నాటికి అంతా సర్దుకుని హైదరాబాదు పోయారు. ఉద్యోగుల కోసం కట్టిన ఏ క్యాంప్, బీ క్యాంప్, సీ క్యాంప్ పేర్లు మాత్రం మాకు మిగిలాయి. ఈమధ్య న్యాయ రాజధాని అన్నారు, 2021లో ఆ చట్టమూ వెనక్కి పోయింది. అందుకే మావాళ్లు ఎవరేమిస్తామన్నా "సరేలే సామీ, చూద్దాం" అంటారు. దాన్ని ఉదాసీనత అనుకోకండి, అనుభవం.

ఫ్యాక్షన్ అంటారా? సినిమావాళ్ల పుణ్యమా అని మాకు పెళ్లి సంబంధాలు చూడటమే కష్టమైంది. హైదరాబాద్ హాస్టల్లో నన్ను "బాంబు ఉందా?" అని అడిగినవాళ్లు, పుల్లారెడ్డి నేతిమిఠాయి తమ ఊరిదే అనుకుంటూ తినేవాళ్లు. అది మొదలైంది కర్నూల్లో.

మీరు మాత్రం పొద్దున్నే ఉగ్గాని (బొరుగులతో చేసే టిఫిను), మిరపకాయ బజ్జీ అలవాటు చేసుకోండి. అద్దె ఇల్లు సీ క్యాంప్ వైపు చూడండి, రైతు బజార్ దగ్గర. పాతబస్తీలో అయితే 2009లో నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఓనర్‌ని కాకుండా పక్కింటివాళ్లని అడగండి. ఎక్కడ తీసుకున్నా సంపు ఎంత పెద్దదో, ఎండాకాలం ట్యాంకర్ డబ్బులు ఎవరివో అడ్వాన్సు ఇవ్వకముందే తేల్చుకోండి.