రోడ్ సైకిల్ మీద హైదరాబాద్ నుంచి అడవి, కొండలు ఉన్న రూట్ ఏది?

మొదటిసారి అయితే కళ్లు మూసుకుని అనంతగిరి అంటాను. అప్పా జంక్షన్ దాటి మొయినాబాద్, చేవెళ్ల, మన్నెగూడ మీదుగా వికారాబాద్, అక్కడి నుంచి కొండ. సిటీ నుంచి ఒకవైపే సుమారు 75 కిలోమీటర్లు. మొయినాబాద్ దాటాక రోడ్డుకి రెండువైపులా పాత మర్రిచెట్లు, ఊడలు తల మీదికి వేలాడుతూ ఉంటాయి. నాకైతే కొండకన్నా అదే ఇష్టం. కాకపోతే అక్కడే రోడ్డు ఇరుకు, లారీలూ ఎక్కువే. అందుకే తెల్లారకముందే, లైట్లు వేసుకుని బయల్దేరండి.

అసలు ఎక్కుడు వికారాబాద్ దాటాకే. పెద్ద ఘాట్ అనుకుని టెన్షన్ పడక్కర్లేదు, చిన్న గేర్‌లో మెల్లగా తొక్కితే అనంత పద్మనాభస్వామి గుడి దాకా వెళ్లిపోవచ్చు. మూసీ పుట్టేది ఈ కొండల్లోనే. దిగేటప్పుడు మాత్రం మలుపుకి ముందే బ్రేక్ వేయాలి. ఎండుటాకుల మీద ఒకసారి నా వెనక చక్రం జారింది, మోచేతి మచ్చ ఇంకా ఉంది. తిరుగు ప్రయాణానికి ఓపిక లేకపోతే వికారాబాద్‌లో రైల్వే స్టేషన్ ఉంది, సైకిల్ బుకింగ్ సంగతి ముందే కనుక్కోండి.

దగ్గర్లో కావాలంటే మెదక్ రోడ్డులో నర్సాపూర్ అడవి. కొండ తక్కువ, నీడ ఎక్కువ.

శ్రీశైలం రోడ్డులో మన్ననూరు దాటాక నల్లమల ఘాట్ వేరే లెవెల్, కానీ అది పులుల అడవి. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేటు మూసేస్తారు. ఒంటరిగా వద్దు.