కాలేజీ బాస్కెట్‌బాల్ సెమీఫైనల్స్‌కు అంత హడావుడి అవసరమా?

అవసరమే, ఎందుకంటే అమెరికా కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ నడిపే టోర్నీలో సెమీస్‌కు చేరడమంటేనే ఒక టైటిల్ గెలిచినట్టు. పురుషుల విభాగంలో 68 జట్లను నాలుగు రీజియన్లుగా విడదీస్తారు. ఒక్క మ్యాచ్ ఓడినా ఇంటికే. రీజియన్ గెలిచిన నాలుగు జట్లే ‘ఫైనల్ ఫోర్’. ఆ గెలుపు గుర్తుగా ఆటగాళ్లు బాస్కెట్ వలను ముక్కలుగా కత్తిరించి దాచుకుంటారు. శనివారం ఒకే వేదికలో రెండు సెమీస్, సోమవారం ఫైనల్.

ఒక్కోసారి అసలు ఆట సెమీస్‌లోనే ఉంటుంది. 2023లో శాన్ డియాగో స్టేట్ ఆఖరి క్షణంలో వేసిన షాట్‌తో ఫ్లోరిడా అట్లాంటిక్‌ను 72-71తో ఓడించింది. ఫైనల్లో మాత్రం యూకాన్ (కనెక్టికట్ యూనివర్సిటీ) చేతిలో 59-76తో తేలిపోయింది.

ఈ నాలుగే సీజన్‌లో అత్యుత్తమ జట్లని చాలామంది పొరబడతారు. కాదు. టోర్నీకి ముందు ప్రతి రీజియన్‌లో జట్లకు బలాన్ని బట్టి ఇచ్చే ర్యాంకే సీడ్. ఆ ఏడాది సెమీస్‌కు 1, 2, 3 సీడ్‌లలో ఒక్కటీ మిగల్లేదు. ఫ్లోరిడా అట్లాంటిక్‌దైతే తొమ్మిదో సీడ్.