ప్రిఫెక్ట్ అంటే కలెక్టరే కదా, మా అమ్మాయి అవుతుందా?

ప్రశ్న: మాది కాకినాడ. మా అమ్మాయి ఫ్రాన్స్‌లోని లియోన్‌లో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ మాస్టర్స్ మొదటి ఏడాది చదువుతోంది. అక్కడి ప్రిఫెక్ట్ మన కలెక్టర్ లాంటివారట. తను ఆ పదవికి వెళ్లగలదా? లేక వెనక్కి పిలిపించి గ్రూప్-1 రాయించమంటారా?

జవాబు: భారతీయ పాస్‌పోర్టుతో ప్రిఫెక్ట్ కాలేరండీ. ఫ్రెంచ్ పౌరసత్వం తీసుకుంటే మన పౌరసత్వం పోతుంది, ఇక్కడ ఐఏఎస్ ఆశా పోతుంది.

కలెక్టర్‌తో పోలిక కూడా సగమే నిజం. 1800లో నెపోలియన్ పెట్టిన పదవి అది. మన జిల్లాల్లాంటి డిపార్ట్‌మెంట్లు 101, వాటిపైన రీజియన్లు 18. లియోన్‌లో కూర్చునే రోన్ ప్రిఫెక్టే ఓవెర్న్-రోన్-ఆల్ప్స్ రీజియన్ మొత్తానికీ ప్రిఫెక్ట్. కింద మన ఆర్డీఓల్లా సబ్-ప్రిఫెక్టులుంటారు. శాంతిభద్రతలు, వరద సహాయం, విదేశీయుల నివాస కార్డులు ప్రిఫెక్టులే చూస్తారు. మీ అమ్మాయి కార్డు రెన్యువల్ కూడా ప్రిఫెక్ట్ ఆఫీసు (ప్రిఫెక్చర్) పనే. బడుల పెత్తనం మాత్రం రెక్టర్ అనే విద్యాశాఖ అధికారిది. 1982 చట్టం వచ్చాక డిపార్ట్‌మెంట్ బడ్జెట్, దాని అమలు ప్రిఫెక్ట్ నుంచి ఆ డిపార్ట్‌మెంట్ కౌన్సిల్‌కి ఎన్నికైన అధ్యక్షుడి చేతికి వెళ్లాయి. మన జడ్పీ చైర్మన్లకు కలలో కూడా రాని అధికారం!

విదేశాల్లో పబ్లిక్ పాలసీ చదవడం ఈమధ్య ఫ్యాషనైపోయింది. నాకు దాని మీద పెద్ద నమ్మకం లేదు. బ్రోషర్లలో ‘ప్రభుత్వంలో కెరీర్’ అని ఉంటుంది, ఏ దేశ ప్రభుత్వమో ఉండదు. గ్రూప్-1కి ఏ డిగ్రీ అయినా చాలు, ఈ మాస్టర్స్‌కి ఒక్క మార్కు కూడా అదనంగా రాదు. ఇవన్నీ ఫీజు కట్టకముందు అడగాల్సిన ప్రశ్నలు.

ఇంకో మాట. ఇంత రాశారు, అమ్మాయికి ఏం కావాలో ఒక్క ముక్క రాయలేదు. తను వెళ్లింది చదువుకోవడానికి, మీ ఇంటి ముందుకు ఎర్రబుగ్గ కారు తేవడానికి కాదు. అయినా ఆ బుగ్గలు 2017లోనే పోయాయి లెండి.

డబ్బు వృథా అయిందని మాత్రం టెన్షన్ పడకండి. పర్మనెంటు సర్కారీ కొలువులకు సాధారణంగా ఫ్రెంచ్ లేదా యూరోపియన్ యూనియన్ పౌరసత్వం అడుగుతారు కానీ, కాంట్రాక్టు ఉద్యోగాలకు విదేశీయుల్నీ తీసుకుంటారు. యూరోపియన్ యూనియన్ నిధుల్లో కొన్నిటిని అక్కడి రీజియన్లే నడుపుతాయి, ఆ ప్రాజెక్టులకు మనుషులు కావాలి. ప్రభుత్వ సంస్థలకు పనిచేసే కన్సల్టెన్సీలూ ఉన్నాయి. అయితే ఫ్రెంచ్ గట్టిగా రావాలి. ఇరవై పేజీల ప్రిఫెక్చర్ ఉత్తర్వు చేతికిస్తే, సాయంత్రానికి దాని మీద ఒక పేజీ నోటు తప్పుల్లేకుండా రాయగలగాలి. మొదటి ఏడాదిలోనే ఉంది కాబట్టి అందుకు టైముంది.

ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు గ్రూప్-1 ఊసు ఎత్తకండి. ఇంటర్న్‌షిప్‌కి ఎక్కడెక్కడ అప్లై చేస్తోందో అడగండి.