అత్తగారి మతిమరుపు, అబ్బాయి చదువు

ప్రశ్న: మా అత్తగారికి 74 ఏళ్లు. 2 నెలలుగా పేర్లు మరిచిపోతున్నారు, తిండి తగ్గించారు, గొలుసు పనిమనిషి తీసిందని పదే పదే అంటున్నారు. ఇది వయసు ప్రభావమేనా? తిరుపతిలో హౌస్ సర్జన్‌గా ఉన్న మా అబ్బాయి నానమ్మను చూశాక వృద్ధుల మానసిక వైద్యమే చదువుతానంటున్నాడు. దానికి భవిష్యత్తు ఉంటుందా? - ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: అల్జీమర్స్ సాధారణంగా ఏళ్ల తరబడి మెల్లగా ముదురుతుంది, 2 నెలల్లోనే మనిషి ఇంతగా మారారంటే వయసు మీద నెట్టేసి ఊరుకోకూడదు. వస్తువు కనిపించకపోతే ఎవరో దొంగిలించారన్న అనుమానం డిమెన్షియాలో (జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా దెబ్బతినే స్థితి; అల్జీమర్స్ అందులో ఒక రకం) తరచుగా వచ్చేదే గానీ, తీవ్రమైన డిప్రెషన్‌లోనూ, థైరాయిడ్, విటమిన్ బి12 లోపాల్లోనూ, రక్తంలో సోడియం పడిపోయినప్పుడూ, కిందపడి తలలో నెమ్మదిగా రక్తం చేరినప్పుడూ కూడా మతి తప్పవచ్చు. కొన్ని నిద్రమాత్రలు, అలర్జీ మాత్రలు సైతం ఆ వయసులో జ్ఞాపకాన్ని దెబ్బతీస్తాయి. ఆమె వాడే మందులన్నీ ఒక సంచిలో వేసుకుని ఈ వారంలోనే సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్లండి. ఒకటి రెండు రోజుల్లోనే అయోమయం పెరిగి, పగలు మగతగా ఉండి రాత్రి కలవరిస్తే మాత్రం ఓపీ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

మీ అబ్బాయి కోరుకుంటున్న శాఖలో రోజూ చేసే పని ఇదే. బడికి వెళ్లని పెద్దావిడను వందలోంచి ఏడేసి తీసివేయమంటే జబ్బు సంగతి తేలదు. గంగజాతర ఎప్పుడు జరిగింది, ఆ రోజు ఇంట్లో ఏం వండారు అని అడగగలిగే ఓపిక కావాలి. ఇంటర్న్‌షిప్‌లో సైకియాట్రీకి దక్కేది 2 వారాలే కాబట్టి విద్యార్థి కంట పడేవి ఎక్కువగా ముదిరిన కేసులు; అన్నం మానేసి మంచం పట్టిన పెద్దాయన డిప్రెషన్ చికిత్సతో తేరుకుని, కొన్ని నెలలకు నడుచుకుంటూ ఓపీకి రావడం అతను చూడడు. చూసినవాళ్లే ఈ దారి పడతారని నా నమ్మకం. కాబట్టి జూనియర్ డాక్టర్లను ఈ శాఖకు ఆకర్షించాలంటే స్టైపెండు పెంచడం కన్నా, ఫాలో-అప్ ఓపీలోనూ ఇళ్లకు వెళ్లి చూసేటప్పుడూ వారిని పక్కన ఉంచుకోవడం ఎక్కువ పనిచేస్తుంది.

చదువు పొడవైనదే. ఎంబీబీఎస్ తర్వాత 3 ఏళ్ల ఎండీ సైకియాట్రీ, కోరుకుంటే ఆపై వృద్ధుల మానసిక వైద్యంలో 3 ఏళ్ల డీఎం (సూపర్ స్పెషాలిటీ కోర్సు). లక్నోలోని కింగ్ జార్జ్ వైద్య విశ్వవిద్యాలయంలోనూ, మనకు దగ్గరగా బెంగళూరు నిమ్హాన్స్‌లోనూ ఆ కోర్సు ఉంది. బ్రిటన్ దీన్ని 1989లోనే ప్రత్యేక శాఖగా గుర్తించింది. మన దేశంలో 60 దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని మన దేశ వృద్ధులపై జరిగిన లాసీ-డాడ్ అధ్యయనం అంచనా వేసింది గనుక పనికి కొదవ ఉండదు. ఒక్కో రోగికి ఎక్కువ సమయం పడుతుంది, కాబట్టి ప్రైవేటు ప్రాక్టీసులో గుండె డాక్టరు సంపాదన మాత్రం ఆశించవద్దనండి.

అత్తగారిని ఆసుపత్రికి మీ అబ్బాయినే తీసుకెళ్లమనండి. లక్షణాలు ఏవి ముందు, ఏవి తర్వాత వచ్చాయో తేదీలవారీగా రాసుకుని వెళితే డాక్టరుకు ఎంతో ఉపయోగం. మందు మాత్రం నానమ్మకు తాను రాయకూడదు.